మా ఆయన పెట్టని రేడియో

మా అమ్మాయి జీవితకథ ఈ దేశంలో చాలామందికి తెలుసు. కచేరీ మొదలుపెట్టే ముందు గిటారు శ్రుతి చేసుకుంటూ అదే చెబుతుంది. నాన్న పాత కారు, ఆ కారులో ఎప్పుడూ మోగే రేడియో, వెనక సీట్లో కూర్చుని పాటలు పట్టుకున్న చిన్నపిల్ల. జనం కరిగిపోతారు. కంట్రీ అనే ఇక్కడి పల్లెటూరి పాటలు వినేవాళ్ళకు మట్టి రోడ్లు, చెడిపోయిన ట్రక్కులు, మంచి నాన్నలు ఉంటే చాలు. ఆ కథలో నేనూ ఉన్నాను. కూతురు పాడితే చప్పట్లు కొట్టని అమ్మను నేనే.

కారు నడిపింది నేను. రేడియో పెట్టింది నేను. దానితో గొంతు కలిపి పాడింది కూడా నేనే. ఈ ముక్క ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు. చదివి మా ఆయన నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

మేము ఈ దేశం వచ్చి పార్సిప్పనీ అనే ఊళ్ళో దిగినప్పుడు పిల్ల ఇంకా మాటలు కూడబలుక్కుంటోంది. ఆయన కన్సల్టెంటు. సోమవారం చీకటితో విమానం ఎక్కి ఏదో ఊళ్ళో క్లయింటు ఆఫీసుకి వెళ్ళేవారు, వారం చివర లాప్‌టాప్ సంచీతో, మాసిన బట్టలతో తిరిగొచ్చేవారు. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. కాలేజీలో బోటనీ చెప్పినదాన్ని, ఇక్కడ బాల్కనీలో కరివేపాకు మొక్కకు పాఠం చెప్పుకోవాల్సి వచ్చింది. అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు నిండా నాలాంటి వాళ్ళే. మధ్యాహ్నం పూట తలుపులు తీసి చూస్తే అందరి వంటింట్లోంచీ ఒకే పోపు వాసన.

ఇండియా వెళ్ళిపోతున్న వాళ్ళ దగ్గర ఒక పాత కారు కొన్నాం. మా ఆయన ఖాళీ పార్కింగ్ స్థలంలో అరిచి అరిచి నాకు డ్రైవింగ్ నేర్పారు. ఆ ఒక్క పుణ్యం ఆయన ఖాతాలో వేస్తాను. తర్వాత ఆ కారు నాది. దాని రేడియోలో స్టేషన్ మార్చే బొత్తాం పనిచేసేది కాదు. పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, కట్టేయొచ్చు. ఎవరో వదిలేసి పోయిన స్టేషనే మాకు రాసిపెట్టి ఉంది. అందులో పొద్దస్తమానం కంట్రీ పాటలే వచ్చేవి.

మొదట్లో తలనొప్పిగా ఉండేది, ఎవరో ముక్కుతో సాగదీస్తున్నట్టు. ఒకరోజు డాక్టర్ ఆఫీసు బయట, పిల్ల వెనక సీట్లో నిద్రపోతుంటే, ఒక పాట మొదటి నుంచి చివరి దాకా అర్థమైంది. ఒకావిడ పొయ్యి మీద కాఫీ పెట్టి, మొగుడు నిద్ర లేచేలోపు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. గిన్నె మాడిన వాసనకు అతను లేస్తాడు. అంతే కథ. స్టోర్‌లో బిల్లు వేసే అమ్మాయి ఏమడుగుతోందో నాకు తెలిసేది కాదు. ఫోన్ తీసిన మనిషి పేరు అడుగుతున్నాడో పుట్టినరోజు అడుగుతున్నాడో తెలిసేది కాదు. ఈ పాట మాత్రం నిదానంగా, నాకోసం విడమర్చి చెప్పినట్టు చెప్పింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఈ దేశంలో నాతో మొట్టమొదట అర్థమయ్యేలా మాట్లాడింది ఆ రేడియోనే.

అప్పటినుంచి పాడటం మొదలుపెట్టాను. రూట్ 46 మీద ట్రాఫిక్‌లో, స్కూలు బయట పికప్ లైన్‌లో, కూరగాయల సంచీలతో తిరిగొస్తూ. నా గొంతు సంగతి నేను చెప్పుకోకూడదు గానీ, బాగానే ఉండేది. ఇల్లు దాటితే ఎవరూ వినరు కదా అని పూర్తిగా వదిలేసి పాడేదాన్ని. వెనకనుంచి పిల్ల నా ఉచ్చారణ దిద్దేది. “అమ్మా, అలా కాదు. మళ్ళీ చెప్పు. రి-వర్.” నేను మళ్ళీ చెప్పేదాన్ని. తప్పు చెబితే పకపకా నవ్వేది. కొన్నాళ్ళకు నవ్వడం మానేసి నాతో పాడటం మొదలుపెట్టింది. నేను పై గొంతు, అది కింద గొంతు. నేను ఎక్కడ ఊపిరి తీసుకుంటే అదీ అక్కడే తీసుకునేది. ఇప్పటికీ అక్కడే తీసుకుంటుంది. టీవీలో చూసినప్పుడు నాకు తెలిసిపోతుంది.

శనివారాలు, మనవాళ్ళ దుకాణాలన్నీ ఉండే ఐసెలిన్‌లో కర్ణాటక సంగీతం క్లాసు. ఒక టీచరమ్మ ఇంటి బేస్‌మెంట్‌లో చాపల మీద పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పేవారు. వెళ్ళేటప్పుడు కారులో కంట్రీ, వచ్చేటప్పుడు సరళీ స్వరాలు. “మీ పిల్ల స్వరాన్ని పట్టుకుని అనవసరంగా వంకరలు తిప్పుతోందండీ, ఎక్కడ నేర్చుకుంటోంది?” అని టీచరమ్మ ఒకసారి నన్ను నిలదీశారు. ఏం చెప్పను? తల వంచుకుని పచ్చిమిరపకాయలు కొనుక్కోడానికి వెళ్ళిపోయాను. ఇప్పుడు పత్రికల వాళ్ళు ఆ వంకరనే ఆకాశానికి ఎత్తుతున్నారు.

గిటారు కూడా నేనే తెచ్చాను. మా వెనక వీధిలో ఒక ముసలాయన ఇంటి ముందు సామాను పెట్టి అమ్ముకుంటుంటే, కుర్చీల మధ్యలో కనిపించింది. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. శుక్రవారం ఇంటికొచ్చిన మా ఆయన సంచీ కూడా దించకుండా అన్న మొదటి మాట, “ఈ చెత్త ఎవడు తెచ్చాడు?” ఆ గిటారు ఇప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. కింద చిన్న పలక మీద ‘నాన్న ఇచ్చిన మొదటి గిటారు’ అని రాశారు.

ఇక చప్పట్ల సంగతి.

పిల్ల మిడిల్ స్కూల్లో ఉండగా పక్క కౌంటీలో ఫెయిర్ జరిగింది. ఆవుల పోటీలు, చక్కెర చల్లిన వేపుళ్ళు, రంగులరాట్నాలు. అందులో పాటల పోటీ కూడా పెట్టారు. మా ఆయన ఊళ్ళో లేరు. నేనే తీసుకెళ్ళాను. టోపీలు పెట్టుకున్న ఆ జనంలో గోధుమరంగు మొహాలు మావి రెండే. అది పాట ఎత్తుకోగానే మైదానం అంతా మాట ఆగిపోయింది. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు. వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈలలు. మొదటి బహుమతి దానికే. ఒక్కరి కన్నయినా దాని మీద నుంచి కదిలితే ఒట్టు. నేను చేతులు ఒళ్ళో గట్టిగా ముడుచుకుని కూర్చున్నాను. అంతమంది కళ్ళు ఒకేసారి బిడ్డ మీద పడుతుంటే, కన్నతల్లి కన్ను కూడా తోడు కావాలా? మా ఇళ్ళల్లో తల్లి దిష్టి అన్నిటికంటే గట్టిదంటారు. మా అమ్మ నేను కాలేజీలో ఫస్టు వచ్చినప్పుడు నా మొహం చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ ఎందుకలా వెళ్ళిందో నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

ఇంటికి రాగానే పిల్లను వంటింటి గడపలో నిలబెట్టి, ఉప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు గుప్పిట్లో పట్టుకుని చుట్టూ తిప్పాను. వెనక్కి చూడకుండా పొయ్యి దగ్గరికెళ్ళి మూకుట్లో వేసి మాడ్చాను. ఘాటు రాలేదు. ఎంత దిష్టి ఉంటే ఘాటు అంత రాదని మాకు లెక్క. పొగ మాత్రం దట్టంగా వచ్చి అలారం మోగింది. పక్కింటి వాళ్ళు తలుపు కొట్టారు. నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే, అది గడపలోనే నిలబడి చూస్తోంది. “వాసన రాలేదు చూశావా? ఎంత దిష్టి తగిలిందో” అన్నాను. “ఓకే అమ్మా” అంది.

దాని మొదటి పెద్ద పాటలో ఈ సాయంత్రమంతా ఉంది. ‘నేను గెలిచిన రోజు మా అమ్మ చప్పట్లు కొట్టలేదు, ఇంటికొచ్చి నా వైపు తిరగకుండా పొయ్యి మీద రాత్రి భోజనం మాడ్చేసింది’ అని పాడుతుంది. మూకుడు ఉంది, పొగ ఉంది, తిరగని వీపు ఉంది. నేను మాత్రం లేను. ఆ రోజు నేను చేసింది తప్పని నేనీనాటికీ ఒప్పుకోను. మళ్ళీ ఆ మైదానంలో కూర్చోబెట్టినా చేతులు ఒళ్ళోనే పెట్టుకుంటాను.

ఆ పాట ఎలా పుట్టిందో తర్వాత అదే చెప్పింది. కాలేజీ మధ్యలో వదిలేసి, కంట్రీ పాటలకు పుట్టిల్లయిన నాష్‌విల్ చేరినప్పుడు, అక్కడ పాటలు ఒక్కరే కూర్చుని రాయరని తెలిసిందట. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళినట్టు వెళ్తారు. ఒక గదిలో ఇద్దరు ముగ్గురు, కాఫీ, ఒక గిటారు. పరిచయం లేని వాళ్ళు కూడా కూర్చోగానే అడిగే మొదటి మాట, నీకు ఎక్కడ నొప్పి అని. నొప్పి లేనివాళ్ళకు ఆ గదిలో పని లేదు. పార్సిప్పనీలో పెరిగిన పిల్ల, సొంత గది, మంచి మార్కులు, వేడి వేడి లంచ్ బాక్స్. ఏం నొప్పి చెబుతుంది? వెతికి వెతికి నన్ను తీసుకెళ్ళి అక్కడ పెట్టింది. ఆ గదిలో దిష్టి గురించి కూడా చెప్పిందట. ఎవరో అన్నారట, అది వివరించేలోపు పాట అయిపోతుంది, భోజనం మాడ్చిందని పెట్టేద్దాం అని.

పాట పెద్ద హిట్టయింది. ఐసెలిన్‌లో చీరల షాపులో ఒకావిడ నా మొహాన్ని పరీక్షగా చూసి, “మీరేనా ఆ మదరు? పిల్ల అంత బాగా పాడితే ఒక్కసారి క్లాప్ చేస్తే మన సొమ్మేం పోతుందండీ?” అంది. తనకు గుర్తులేదు గానీ, ఈవిడే ఒకప్పుడు నన్ను పక్కకు పిలిచి, పాటలంటూ తిప్పుతూ పిల్ల చదువు పాడు చేస్తున్నారని హితబోధ చేసింది. ఒళ్ళు మండింది. చీర అక్కడే పడేసి వచ్చేశాను.

అమ్మాయికి ఫోన్ చేశాను.

“అమ్మా, అది నువ్వు కాదు. ఇట్స్ ఎ క్యారెక్టర్. సాంగ్‌లో అలా ఉండాలి, అంతే.”

“అందరూ నేనే అనుకుంటున్నారే.”

“అనుకుంటే అనుకోనీ అమ్మా. నీకు నాకు తెలుసు కదా.”

నీకు నాకు తెలుసు కదా. ఆ ఒక్క మాట పట్టుకుని నేను చాలాకాలం బతికేశాను. పాటంటే కల్పన. నిజం మా ఇద్దరి మధ్యా భద్రంగా ఉంది, ఆ కారులో ఉంది అనుకున్నాను.

పోయినేడాది నాష్‌విల్‌లో దాని పెద్ద కచేరీకి ఇద్దరినీ పిలిచింది. ముందు వరసలో కూర్చోబెట్టింది. అక్కడ మొదటిసారి విన్నాను, నాన్న కారు, నాన్న రేడియో కథ. పాటలో కాదు. మామూలు మాటల్లో, గుండె మీద చెయ్యి వేసుకుని, ఇది నా జీవితం అంటూ చెప్పింది. వారమంతా రోడ్ల మీద తిరిగి బూట్ల దుమ్ముతో వచ్చే నాన్న, శనివారం తనను కారులో ఎక్కించుకుని రేడియో పెట్టేవాడట. దుమ్మెక్కడిది? విమానాశ్రయాల్లో తివాచీలు పరిచి ఉంటాయి. శనివారాలు ఆయన సోఫాలో పడి నిద్రపోయేవారు. తర్వాత ఆయన్ని వేదిక మీదికి పిలిచి నెత్తిన టోపీ పెట్టింది. జీవితంలో ఒక్క పాట పూర్తిగా వినని మనిషి కళ్ళు తుడుచుకున్నారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, నేనెవరో తెలియక, “ఆ తల్లి కూడా వచ్చి ఇది చూసి ఉంటే బావుండును” అని నా చెయ్యి నొక్కింది.

కచేరీ అయ్యాక వేదిక వెనక దాని గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు. ఒక మూల దొరకబుచ్చుకుని, “రేడియో నాన్నదా?” అన్నాను.

“అమ్మా, ప్లీజ్, ఇప్పుడు కాదు. నా లైఫ్ మీద ఫిల్మ్ తీస్తున్నారు. నీ దగ్గరికి కూడా వస్తారు. నీ స్టోరీ నువ్వు చెప్పు, ఓకే?”

ఓకే అన్నాను. ఆ తర్వాత నాకు వేరే ధ్యాస లేదు. పాట కాదు, క్యారెక్టర్ కాదు, నిజంగా జరిగింది చెప్పే సినిమా. అందులో ఒక్కసారి, నేను కారు నడుపుతూ పాడేదాన్నని, అది నాతో పాడేదని ఉంటే చాలు. చప్పట్లు కొట్టని అమ్మగా కావలిస్తే అందరూ తిట్టుకోనీ. ఆ కారు మాత్రం నాకు కావాలి. గిన్నెలు కడుగుతూ ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకున్నాను. ఏం చీర కట్టాలో కూడా ఆలోచించుకున్నాను.

వాళ్ళు వచ్చారు. ఒకావిడ, ఆవిడతో కెమెరా పట్టుకున్న ఇద్దరు. మర్యాదగల మనుషులు, గుమ్మం బయటే చెప్పులు విప్పారు. ముందు మా ఆయన్ని హాల్లో కూర్చోబెట్టారు. నేను వంటింట్లో టీ కాస్తున్నాను. ఆయన గొంతు వినిపించింది.

“ఎస్, రేడియో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచేవాణ్ణి. షీ లవ్డ్ ఇట్.”

చేతిలో అల్లం ముక్క అలాగే ఉండిపోయింది. కెమెరా ఆపినప్పుడు ఆయన్ని వంటింట్లోకి పిలిచి తలుపు వేశాను.

“ఏవండీ, మీరు రేడియో పెట్టారా? ఎప్పుడు?”

“పెట్టేవాణ్ణేమోనే. లేకపోతే అది అంత గట్టిగా ఎందుకు చెబుతుంది?”

“ఆ కారులో మీరు డ్రైవింగ్ నేర్పిన రోజులు తప్ప ఎప్పుడైనా స్టీరింగ్ పట్టుకున్నారా?”

“ఇప్పుడవన్నీ ఎందుకు? పిల్ల సంతోషంగా ఉంది. దాన్నెందుకు కెలుకుతావు?” అని టీ కప్పులు పట్టుకుని వెళ్ళిపోయారు. అబద్ధమాడుతున్న మొహం కాదది. ఆయనకు నిజంగానే జ్ఞాపకం వచ్చేసింది. అదే నాకు మరీ కంటగింపుగా ఉంది.

నా వంతు వచ్చింది. నేను అంతా చెప్పాను. మారని స్టేషన్, మాడిన కాఫీ గిన్నె పాట, పికప్ లైను, వెనక సీట్లోంచి నా ఉచ్చారణ దిద్దడం. గిటారు దొరికిన చోటు చెప్పాను. దిష్టి గురించి కూడా చెప్పాను. నా ఇంగ్లీషు ఎక్కడా తడబడలేదు. నాకే ఆశ్చర్యమేసింది. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. తల ఊపుతూ, చాలా దయగా వింది. వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. చివరికి ఒక మనిషి విందనుకున్నాను.

అయ్యాక ఆవిడ ముందుకు వంగి నా మోకాలి మీద చెయ్యి వేసింది.

“థాంక్యూ. మీరు ఇది చెబుతారని మీ అమ్మాయి మాతో ముందే అంది.”

“ఏమంది?”

ఆవిడ కాస్త తటపటాయించింది. అడిగినందుకు చెప్పక తప్పలేదు. “ఆ జ్ఞాపకాల్లో మీరుండి ఉంటే బావుండేదని మీకు చాలా ఉంటుందట. ఎదురు చెప్పకుండా నెమ్మదిగా వినమంది. మీరంటే తనకు చాలా ప్రేమ.”

కెమెరా అతను అప్పటికే వైర్లు చుట్టుకుంటున్నాడు. నా మాటల్లో ఎన్ని అతను రికార్డు చేశాడో, అసలు చేశాడో లేదో నేను అడగలేదు. మా ఆయన వాళ్ళకు ఇంకో రౌండు టీ ఇస్తానంటున్నారు. నేను ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళాను.

అది వెంటనే తీసింది. “అమ్మా! ఎలా అయింది?”

“నీకు నిజంగా గుర్తులేదా?” అన్నాను. తిడదామనే వచ్చాను, బతిమాలుతున్నాను. “వెనక సీట్లో కూర్చుని నా ఇంగ్లీషు దిద్దేదానివి. నేను పై గొంతు, నువ్వు కింద గొంతు. ఇద్దరం కలిసి పాడేవాళ్ళం. నీకు నాకు తెలుసు కదా అన్నావు.”

అవతల అది తలుపు వేసుకున్న చప్పుడయింది. తప్పించుకునే మాట వెతుక్కుంటోందనుకున్నాను. అలా అయినా బావుండేది. మాట్లాడినప్పుడు దాని గొంతులో అబద్ధం లేదు. ఉన్నదల్లా జాలి.

“అమ్మా, నువ్వు పాడటం నేను ఎప్పుడూ వినలేదు.”

నేను గరాజ్ గోడకు ఆనుకున్నాను.

“అమ్మా? ఆర్ యూ దేర్? అయామ్ సారీ. సరే, ఇప్పుడు పాడు. నేను వింటాను. ప్రామిస్.” చిన్నపిల్లను బుజ్జగిస్తున్నట్టు అంది. “పాడు అమ్మా. ఏదైనా.”

కాఫీ గిన్నె పాట మొదటి చరణం నా నాలుక మీదే ఉంది. ఊపిరి కూడా తీసుకున్నాను. అప్పుడు ఒళ్ళు మండింది. నేను పరీక్షకు కూర్చోవాలా? నా బిడ్డ ముందు, నేను తనకు అమ్మనే అని రుజువు చేసుకోడానికి?

పాడలేదు. అది చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత మెల్లగా, అలవాటైన విషయంలా, “ఇట్స్ ఓకే, అమ్మా” అని ఫోన్ పెట్టేసింది. దానికి కావలసిన, ఆ పాటలోని అమ్మను నేనే నా చేతులారా దానికి ఇచ్చేశాను.